పిట్టను గుర్తుపట్టాలంటే రంగును చివర చూడండి

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు హైదరాబాద్‌లో ఉంటారు. కొన్ని నెలలుగా ఆదివారం పొద్దున నేచర్ వాక్‌లకు వెళ్తున్నారు. వాక్ నడిపించే ఆయన చెట్టువైపు సరిగ్గా చూడకుండానే పేర్లు చెప్పేస్తుంటే, మీకు కనబడేది మాత్రం "ఏదో గోధుమరంగు పిట్ట". ఫోన్‌లో యాప్ ఒక్కోసారి ఒక్కో పేరు చెబుతోంది. ఏ బైనాక్యులర్ కొనాలి, ఇన్ని పేర్లు ఎలా గుర్తుపెట్టుకోవాలి అని అడిగారు. అమీన్‌పూర్ చెరువు దగ్గర చూసిన ఒక పిట్ట గురించి కూడా రాశారు: మైనా కంటే కాస్త చిన్నది, పైన గోధుమరంగు, కింద తెలుపు, నీటి అంచున నడుస్తూ వెనకభాగం అదేపనిగా ఊపుతోంది.

పేర్లు చకచకా చెప్పేవాళ్ల కళ్లలో ప్రత్యేకత ఏమీ లేదండీ. ఆ చోట, ఆ నెలలో ఉండే ముప్పై నలభై పిట్టలు వాళ్లకు బాగా అలవాటు, అంతే. కొమ్మ కదిలిన తీరులోనే సగం తెలిసిపోతుంది. మన దేశంలో 1,300కు పైగా పక్షిజాతులున్నాయి. మీ కాలనీలో, దగ్గర్లోని చెరువు మీద ఏడాదంతా కనబడేవి అందులో చాలా తక్కువ. ఆ కాసినీ గట్టిగా వచ్చాయంటే, కొత్తది కనబడగానే "ఇది మనది కాదే" అని మీకే తోస్తుంది. కాబట్టి వారానికో కొత్త చోటికి పరుగెత్తడం కొన్నాళ్లు ఆపండి. నడిచి వెళ్లగలిగే ఒక చెరువో పార్కో ఎంచుకుని ఏడాది పాటు అక్కడే చూడండి. గ్రూపు వాక్‌లు మానక్కర్లేదు. కానీ అక్కడ "అదేంటి సార్?" అని అడిగి పేరు రాసుకోవడం కంటే "మీకెలా తెలిసింది?" అని అడగండి. దానికి వచ్చే జవాబులోనే అసలు పాఠం ఉంటుంది.

మీరు రాసినవాటిలో ప్రతి పిట్టకూ రంగే మొదట రాశారు. అందరం అలాగే మొదలుపెడతాం, అక్కడే చిక్కుకుంటాం. పాలపిట్ట సంగతే చూడండి. తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు చూడాలని పనిగట్టుకుని ఊరి బయటికి వెళ్తాం. నీలంగా ఉంటుందని చిన్నపిల్లలకూ తెలుసు. కానీ కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్ట అంత నీలంగా కనబడదు. పెద్ద తల, పొట్టి మెడ, మట్టిరంగు వీపు, గోధుమా ఊదా కలిసిన రొమ్ము మీద సన్నటి తెల్ల చారలు. లేచి ఎగిరినప్పుడే రెక్కల్లోని ముదురు నీలం, లేత నీలం పట్టీలు బయటపడతాయి. కూర్చున్నప్పుడే వీపంతా నీలంగా మెరిసేది తెల్లగొంతు లకుముకి. ఇది నీళ్లకు దూరంగా, ఇళ్ల పెరళ్లలో కూడా ఉంటుంది. చాక్లెట్ రంగు తల, తెల్లటి గొంతు, పొడుగాటి ఎర్ర ముక్కు. దసరా నాడు దీన్ని చూసి పాలపిట్ట కనబడిందని దండం పెట్టుకునేవాళ్లు కూడా ఉంటారు. పుణ్యం ఎటూ పోదులెండి, కానీ పక్షి మాత్రం వేరు. నీలం అన్న మాట పట్టుకుంటే రెండూ ఒకటే. ముక్కు చూస్తే తేలిపోతుంది: పాలపిట్ట ముక్కు నల్లగా, పొట్టిగా ఉంటుంది.

గుడ్డికొంగ ఇంకా మాయ చేస్తుంది. గట్టున బురదలో కలిసిపోయి గోధుమ చారలతో నిలబడి ఉంటుంది. మీరు రెండడుగులు దగ్గరికి వేయగానే తెల్లటి రెక్కలతో లేస్తుంది. గూడు కట్టే కాలానికి దాని వీపు ముదురు మెరూన్ రంగుకు మారుతుంది. పశువుల వెంట తిరిగే కొంగ చలికాలంలో తెల్లగా ఉంటుంది, గుడ్లు పెట్టే కాలంలో తల, మెడ, వీపు నారింజ రంగుకు వస్తాయి. వానాకాలంలో పసుపు తలతో ఉండే మగ గిజిగాణ్ణి ఎవరైనా చెప్పగలరు. అదే డిసెంబరులో చూస్తే ఆడ పిచ్చుకేమో అనిపిస్తుంది. మగ కోకిల నల్లన, ఆడది గోధుమ ఒంటి మీద తెల్లచుక్కలు. ఇవన్నీ పోనీ అనుకున్నా, ఎండకు ఎదురుగా నిలబడి చూస్తే ఏ పిట్టైనా నల్లపిట్టే. చెరువుకు వెళ్లగానే మొదట చేయాల్సిన పని, ఎండ మీ వీపు మీద పడేలా గట్టుకు ఏ వైపు నిలబడాలో చూసుకోవడం. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

మరి ముందు ఏం చూడాలంటే, సైజు. సెంటీమీటర్ల లెక్క వద్దు, దూరంగా ఉన్న పిట్ట సైజు అంకెల్లో ఎవరికీ అందదు. మనకు రోజూ కనబడే ఆరింటిని కొలబద్దగా పెట్టుకోండి: పిచ్చుక, పిగిలిపిట్ట, గోరింక, పావురం, కాకి, గద్ద. "గోరింక కంటే చిన్నది, పిచ్చుక కంటే పెద్దది" అని మీరు అనగలిగితే చాలా పేర్లు పక్కకు పోయినట్టే. తర్వాత ఆకారం. ముక్కు గింజలు కొరికేలా పొట్టిగా లావుగా ఉందా, సూదిలా సన్నగా ఉందా, పురుగుల కోసం నేల పొడవడానికి పొడుగ్గా ఉందా? తోక ఒంటి కంటే పొడుగా? చివర చీలిందా, గుండ్రంగా ఉందా? పైన తిరిగే గద్దల్లో మామూలు నల్లగద్ద తోక చివర చీలికలా లోపలికి వంగి ఉంటుంది, గరుడపక్షి తోక గుండ్రంగా ఉంటుంది. పెద్దయిన గరుడపక్షిని తెల్లటి తల, ఇటుకరంగు రెక్కలతో ఎవరైనా పోలుస్తారు. దాని పిల్ల గోధుమరంగులో ఉంటుంది, అప్పుడు ఆదుకునేది తోకే.

ఆ తర్వాత అది ఏం చేస్తోందో చూడండి. నా మటుకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇదే. గోరింక నేల మీద అడుగులు వేస్తూ నడుస్తుంది, పిచ్చుక గెంతుతుంది. తీగ మీంచి గాల్లోకి దూకి పురుగును పట్టుకుని మళ్లీ అదే తీగ మీదికి వచ్చి కూర్చుంటే పసిరికపిట్ట గానీ ఏట్రింత గానీ అయి ఉంటుంది. వడ్రంగిపిట్ట కెరటంలా లేస్తూ పడుతూ ఎగురుతుంది. పొద కింద ఆకులు తిరగేస్తూ ఏడెనిమిది కలిసి ఒకటే గోల చేస్తున్నాయంటే బాబ్లర్లు. సాయంత్రం చెరువు మీద వేగంగా తిరిగే చిన్నవాటిలో కొన్ని తీగ మీద వాలతాయి, అవి స్వాలోలు. స్విఫ్ట్‌లు తీగ మీద వాలవు. వాటి కాళ్లు అందుకు పనికిరావు, నిలువు గోడనో తాటాకునో పట్టుకుని వేలాడాల్సిందే. తాటిచెట్ల చుట్టూ తిరిగేవి పామ్ స్విఫ్ట్‌లు, వంతెనల కింద తెల్లటి నడుముతో కనబడేవి లిటిల్ స్విఫ్ట్‌లు. ఇందులో రంగు ఎంత వచ్చిందో చూడండి, చివర్న ఒక్క మాట.

ఇక మీ అమీన్‌పూర్ పిట్ట. మీరు రాసిన నాలుగు వివరాల్లో రంగు పనికిరాదు. గోరింక కంటే చిన్నది, నీటి అంచున నడుస్తోంది, వెనకభాగం ఆపకుండా ఊపుతోంది. ఈ మూడూ చాలు, దాదాపుగా అది కామన్ సాండ్‌పైపర్, మనవాళ్లు ఉల్లంకి అనే గుంపులోది. ఈసారి కనబడితే భుజం దగ్గర చూడండి: రొమ్ము పక్కనున్న గోధుమ మచ్చకూ రెక్కకూ మధ్య నుంచి పొట్ట తెలుపు పైకి చొచ్చుకొచ్చి ఉంటుంది. కూర్చున్నప్పుడు అంతకంటే మంచి గుర్తు లేదు. ఇప్పుడు దాన్ని ఎగరనివ్వండి. నీటికి ఆనుకుని, రెక్కలు బిర్రుగా కిందికి పట్టుకుని టపటపమని వణికించి, కాస్త జారి, మళ్లీ వణికిస్తూ పోతుంది. రెక్క మీద తెల్లటి గీత కనబడుతుంది, సన్నటి ఈల కూత వినబడుతుంది. దీనికి దగ్గరగా ఉండేవి రెండున్నాయి. వుడ్ సాండ్‌పైపర్ వీపంతా తెల్లచుక్కలు, కంటి పైన తెల్ల కనుబొమ్మ, కాళ్లు పొడుగ్గా పసుపు కలిసి ఉంటాయి. గ్రీన్ సాండ్‌పైపర్ వీపు బాగా ముదురు, ఎగిరితే నడుము తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఇవి కూడా ఒళ్లు ఊపుతాయి గానీ అంత ఆపకుండా ఊపవు. ఒకవేళ మీరు చూసింది నలుపు తెలుపుగా, పొడుగాటి తోక ఊపుతూ ఉంటే అది వాగ్‌టెయిల్. ఈ మూడు సాండ్‌పైపర్లూ వలసపిట్టలు, ఆగస్టు నుంచి వస్తాయి, ఏప్రిల్, మే నాటికి వెళ్లిపోతాయి. మీరు ఏ నెలలో చూశారో రాయలేదు. జూన్ అంటే మాత్రం నాకు అనుమానం వస్తుంది.

నెల రాయలేదన్నాను కదా, నోట్‌బుక్ సంగతి అందుకే చెప్పాలి. జేబులో పట్టే చిన్న పుస్తకం, పెన్సిలు. పిట్ట కనబడగానే పుస్తకంలోనో ఫోన్‌లోనో బొమ్మలు వెతకొద్దు. అది ఎగిరిపోయేవరకూ దాన్నే చూడండి, ఎగిరాక రాయండి. తేదీ, టైము, చోటు, సైజు, ముక్కు, తోక, ఏం చేస్తోంది, ఒంటి మీద ఏ భాగంలో ఏ రంగు. "పసుపు ఉంది" అని రాస్తే పనికిరాదు, "కంటి పైన పసుపు గీత, గొంతు తెలుపు" అని రాస్తే పనికొస్తుంది. బొమ్మ రాదంటారా, కోడిగుడ్డంత గుండ్రం గీసి దానికో తల, తోక తగిలించి బాణాలు పెట్టండి. బొమ్మలు ముందు చూసి తర్వాత రాస్తే, చూడనివి కూడా చూసినట్టే అనిపిస్తాయి, మనసు అలా పనిచేస్తుంది. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1930ల మొదట్లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తుంటే చూశారన్నది రాసిపెట్టబట్టే ఇప్పటి లెక్కలను వాటితో పోల్చి చూడగలుగుతున్నారు.

యాప్ గురించి. మీరు వాడుతున్నది కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ల మెర్లిన్ అనుకుంటాను. ఉచితం, మంచిది, నేనూ వాడతాను. ఇండియా ప్యాక్ దింపుకుని, చోటు, తేదీ సరిగ్గా ఇచ్చారో లేదో చూడండి. అవి తప్పితే హిమాలయ పక్షుల పేర్లు కూడా వస్తాయి. కూతలు వినే సౌండ్ ఐడీని మాత్రం తీర్పులా తీసుకోకండి. అది ఒక పేరు చూపిస్తే "ఈ చెట్టు మీద ఆ పిట్ట ఉందేమో వెతుకు" అని అర్థం, అంతే. ఏట్రింతకు ఇతర పక్షుల కూతలు అనుకరించే అలవాటుంది, జాలెడేగ (షిక్రా) అరుపు అచ్చుగుద్దినట్టు అరుస్తుంది. తెరమీద షిక్రా అని వస్తుంది, కొమ్మ మీద ఏట్రింత ఉంటుంది. ఇంకో దొంగ ఉడుత. చెట్టు మీంచి చాలాసేపు ఆగకుండా "చిక్ చిక్ చిక్" అని వచ్చే శబ్దాన్ని పక్షి అనుకుని కొత్తవాళ్లు మెడలు నొప్పెట్టేదాకా వెతుకుతారు. ఫోటో ఐడీ కాస్త నమ్మదగ్గది, కానీ వెలుగు వెనకనుంచి వచ్చిన మసక ఫోటో ఇస్తే అదీ ఊహించి చెబుతుంది. అందుకే మీకు ఒక్కోసారి ఒక్కో పేరు వస్తోంది.

కూతలు నేర్చుకోవడానికి ఇంటి కిటికీయే చాలు. పొద్దున్నే మంచం మీద ఉండగా వినబడేవాటితో మొదలుపెట్టండి. ఎండాకాలం మధ్యాహ్నం పళ్లెం మీద చిన్న సుత్తితో కొట్టినట్టు ఒకే తాళంలో టుక్ టుక్ టుక్ అంటూ సాగేది కంసాలిపిట్ట. పొదలోంచి లోతుగా ఊప్ ఊప్ ఊప్ అనేది జెముడుకాకి. బొటనవేలంత ఉండి వీధంతా వినబడేలా అరిచేది దర్జీపిట్ట. చెరువు గట్టున మిమ్మల్ని చూడగానే గోల పెట్టి మిగతావాటిని లేపేది తీతువు. ఒక కూత విన్నారంటే ఆ పిట్ట కనబడేదాకా దాని వెనకే వెళ్లండి. రికార్డింగులు ఇంట్లో వింటే అంతగా నిలవవు, కూతా పిట్టా ఒకేసారి చూసింది మాత్రం మర్చిపోరు.

బైనాక్యులర్‌కి నా జవాబు ఎప్పుడూ ఒకటే: 8×42. ఎనిమిది అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే అయిదు చిల్లర. కంటికి అందే వెలుగు కిరణం అంత వెడల్పు అన్నమాట, తెల్లవారుజామున చెట్ల నీడలో అది అవసరం. జేబులో పట్టే 8×21 రకాల్లో అది రెండున్నర దాకానే, అందుకే మసకగా ఉంటాయి. 10 రెట్లది కొంటే ఇంకా దగ్గరగా కనబడుతుందని చాలామంది ఆశపడతారు. చేతి వణుకు కూడా అంతే పెరుగుతుంది, కనబడే మేర తగ్గుతుంది, కొత్తవాళ్లకు పిట్టను అందులోకి తెచ్చుకోవడమే కష్టమవుతుంది. 20, 30 రెట్లు అని రాసి చవగ్గా అమ్మేవాటి జోలికి వెళ్లకండి. కొన్నాక రెండు పనులు. మొదటిది, కుడివైపు కంటి దగ్గరుండే రింగు సరిచేసుకోవడం: కుడికన్ను మూసి మధ్య చక్రంతో ఎడమకంటికి స్పష్టంగా చేసుకోండి, తర్వాత ఎడమకన్ను మూసి అదే వస్తువును ఆ రింగుతో కుడికంటికి స్పష్టంగా చేసుకోండి. చాలామంది దీన్ని ముట్టుకోరు, బైనాక్యులర్ బాగోలేదంటారు. కళ్లద్దాలుంటే కంటి కప్పులు లోపలికి తిప్పేయండి. రెండోది, పిట్ట కనబడ్డాక చూపు దాని మీదే ఉంచి బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోవడం. కిందికి చూసి మళ్లీ పైకి వెతికితే దొరకదు. ఇంటి బాల్కనీలోంచి కాకుల మీద సాధన చేయండి. కెమెరా మాత్రం మొదటి ఏడాది వద్దంటాను. ఫోటో కోసం చూసేవాళ్లకు పిట్ట ఏం చేస్తోందో కనబడదు.

నీటిపక్షులతో మొదలుపెట్టండి, ఆకుల మధ్య దాక్కోవు కాబట్టి. తెల్లకొంగలు మంచి పాఠం. చిన్న తెల్లకొంగ ముక్కు నలుపు, కాళ్లు నలుపు, పాదాలు మాత్రం పసుపు. అది బురదలోంచి కాలు పైకెత్తినప్పుడు చూడాలి. పశువుల కొంగ ముక్కు పొట్టిగా పసుపు, మెడ పొట్టి, గుండ్రటి దవడ. పెద్ద తెల్లకొంగ మెడలో బాగా వంకర ఉంటుంది, నోటి చీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది. మధ్యరకం కొంగకు ఆ చీలిక కంటి కిందే ఆగుతుంది. ముక్కు రంగు గూడు కట్టే కాలంలో మారొచ్చు, చీలిక మారదు. ఒక చెరువులో నాలుగూ ఒకేచోట నిలబడి దొరికాయంటే ఒక పూట మొత్తం వాటికి ఇచ్చేయండి.

గడ్డిలో తిరిగే ప్రినియాలు, చలికాలంలో చెట్ల చివర్లలో కనబడే ఆకుపచ్చ వార్బ్లర్లు, పైన ఎక్కడో తిరిగే డేగలు ప్రస్తుతానికి వదిలేయండి. అనుభవమున్నవాళ్లు కూడా వాటి దగ్గర వాదించుకుంటారు. ప్రినియాల్లో ఒక్కటి మాత్రం ఇప్పుడే పట్టుకోవచ్చు: బూడిదరంగు తల, లేత ఇటుకరంగు పొట్ట, పొద నుంచి పొదకు ఎగిరినప్పుడు టపటపమని చిటికెల చప్పుడు, అది ఆషీ ప్రినియా.

హైదరాబాద్ వాళ్లకు అమీన్‌పూర్, కేబీఆర్ పార్కు, ఉస్మాన్‌సాగర్ గట్లు, కాస్త దూరమైతే వికారాబాద్ దగ్గరి అనంతగిరి చాలు. గుంటూరు వైపు వాళ్లకు ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువులో చెట్ల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, కంకణాలు పక్కపక్కన ఉంటాయి, సైజులు పోల్చుకోవడానికి అంతకంటే మంచి చోటు కోస్తాలో నేను చూడలేదు. నేలపట్టు, కొల్లేరు చలికాలంలో వెళ్లండి. ఎక్కడికి వెళ్లినా ఫోన్‌లో కూత పెట్టి పిట్టను రప్పించకండి. అది ఇంకో మగపిట్ట తన జాగాలోకి వచ్చిందనుకుని గూడు వదిలి పోట్లాటకు వస్తుంది. గూళ్ల ఫోటోలు, గుడ్లగూబలు ఉండే చెట్ల లొకేషన్లు గ్రూపుల్లో పెట్టొద్దు.

చూసిన పిట్టల జాబితాలు పెట్టే ఈబర్డ్ వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో మీరు చూసినవి నమోదు చేయడం మొదలుపెట్టండి. ఎంతసేపు నడిచారు, ఎంత దూరం, ఏవి ఎన్ని అని అడుగుతుంది. కాకుల్ని, పావురాల్ని కూడా రాయాలి. తేల్చుకోలేనిదానికి పేరు పెట్టక్కర్లేదు, "ఏదో ఒక నీటికాకి" "ఏదో ఒక వార్బ్లర్" అనే స్థాయిలో ఎంచుకునే వీలు అందులోనే ఉంది. ఆ చోటికి, ఆ నెలకు మామూలుగా రాని పేరు రాస్తే అక్కడికక్కడే వివరణ అడుగుతుంది, తర్వాత రివ్యూ చేసే వాలంటీరు నుంచి మెయిల్ కూడా రావచ్చు. కంగారు పడకండి, అందరికీ వస్తుంది. ఫోటో ఉంటే జోడించండి, లేకపోతే నోట్‌బుక్‌లో రాసుకున్నది ఉన్నదున్నట్టు పంపండి. అదీ లేకపోతే పేరు మార్చి "సాండ్‌పైపర్, ఏదో తెలియదు" అని పెట్టేయండి.